గడువు దాటినంత మాత్రాన హక్కు పోయినట్టేనా?

(ప్రభుత్వంపై దావా, నోటీసు, జాప్యం అనే అంశంపై న్యాయ అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



గత ఏడాది ఒక సోదరి ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పట్టుకుని మా వద్దకు వచ్చారు. రోడ్డు విస్తరణలో ఆమె ఇంటి ముందరి రెండు గదులను పడగొట్టారు. ఇంటికి పట్టా ఉంది, పన్ను రసీదులున్నాయి. భూసేకరణ జరగలేదు, పరిహారం ఇవ్వలేదు. ఆమె భర్త తాపీ మేస్త్రి. కూల్చివేత జరిగిన నాటి నుండి ప్రతి సోమవారం కలెక్టరు కార్యాలయంలో అర్జీ ఇస్తూ వచ్చారు. ఆ తిరుగుళ్లలోనే ఆయన ఆరోగ్యం చెడి కన్నుమూశారు. ఇద్దత్ ముగిసిన తరువాత ఆమె మా ముందు కూర్చుని, "భాయ్, సోమవారం ఒక్కటీ తప్పలేదు, రసీదులన్నీ ఉన్నాయి చూడండి" అన్నారు. సంచిలో పదకొండు రసీదులున్నాయి. లేనిది ఒక్కటే, చట్టం అడిగే నోటీసు. కూల్చివేత జరిగి అప్పటికి పదహారు నెలలు గడిచాయి.

ఆమెకు ఏమని జవాబు చెప్పాలి? హక్కు పోయిందని చెబితే అన్యాయం. ఏమీ కాదులే అని ధైర్యం చెబితే అబద్ధం. ఈ రెంటికీ నడుమ ఉన్న నిజాన్ని మీ ముందు ఉంచడానికే ఈ ప్రసంగం. మనం ఆలస్యం చేసినప్పుడు దానిని మన్నించే తలుపులు చట్టంలో ఉన్నాయి. అయితే అవి అన్ని చోట్లా లేవు. ఉన్న చోట కూడా ఊరికే తెరచుకోవు. ఏ తలుపు ఎక్కడుందో తెలియకపోవడం వల్లనే మన కుటుంబాలు ఎక్కువగా నష్టపోతున్నాయి.

మొదట నోటీసు సంగతి చూద్దాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 ప్రకారం ప్రభుత్వంపై గాని, అధికార హోదాలో చేసిన పనికి ప్రభుత్వోద్యోగిపై గాని దావా వేయాలంటే ముందుగా రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి. అది అందిన తరువాత రెండు నెలలు ఆగాలి. ఈ 1908 నాటి చట్టం వలస పాలకులు చేసినది. 1927లో ప్రీవీ కౌన్సిల్ దీనిని మినహాయింపు లేని నియమంగా తేల్చింది. రేపు ఇల్లు కూలుస్తారని తెలిసినా సరే, రెండు నెలలు ఆగిన పిమ్మటే కోర్టుకు రావాలన్నది దాని అర్థం. స్వతంత్ర భారతంలో లా కమిషన్ ఈ సెక్షన్‌ను తొలగించమని ఒకటికి మించిన సార్లు సిఫారసు చేసింది. పార్లమెంటు దానిని తొలగించలేదు. 1976 సవరణలో రెండు సడలింపులు మాత్రం చేర్చింది. ఆ రెండింటినీ మన కార్యకర్తలు కంఠస్థం చేయాలి.

మొదటిది సెక్షన్ 80లోని రెండవ ఉపసెక్షన్. తక్షణ ఉపశమనం అవసరమైనప్పుడు కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే దావా వేయవచ్చు. అయితే ప్రభుత్వానికి తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వదు. తొందర ఏమీ లేదని కోర్టు భావిస్తే దావాను కొట్టివేయదు. నోటీసు ఇచ్చి మళ్లీ రమ్మని కాగితాలను తిరిగి ఇస్తుంది. అంటే మరునాడు కూల్చివేత ఉన్న కుటుంబం నోటీసు ఇవ్వలేదని చేతులు ముడుచుకుని కూర్చోనవసరం లేదు.

రెండవది మూడవ ఉపసెక్షన్. నోటీసులో పొరపాటు ఉందన్న ఒక్క కారణంతో దావాను కొట్టివేయరాదు. వాది ఎవరో గుర్తించడానికి వీలుగా పేరు, వివరం, నివాసం ఉండాలి. నోటీసు సంబంధిత కార్యాలయంలో అంది ఉండాలి. ఏం జరిగింది, ఏం కోరుతున్నాం అన్నది సారాంశంగానైనా తెలిసి ఉండాలి. ఇవి ఉంటే చాలు. సెక్షన్ 80ని ఇంగితజ్ఞానానికి దూరంగా, అక్షరం పట్టుకుని చదవరాదని సుప్రీంకోర్టు 1958లోనే ధియాన్ సింగ్ సోభా సింగ్ కేసులో చెప్పింది.

అయితే ఈ సడలింపులకు ఒక హద్దు ఉంది. నోటీసులో లోపం ఒక సంగతి, రెండు నెలలు నిండకముందే దావా వేయడం మరొక సంగతి. బిహారీ చౌదరి కేసులో వాదులు నోటీసు ఇచ్చారు గాని రెండు నెలలు నిండకముందే కోర్టుకు వెళ్లారు. ఆ దావా చెల్లదని 1984లో సుప్రీంకోర్టు తేల్చింది. తొందర ఉంటే కోర్టు అనుమతి అడగాలి. తొందర లేకుంటే రెండు నెలలు పూర్తిగా ఆగాలి. మూడవ దారి లేదు.

ఇచ్చిన నోటీసుకు ప్రభుత్వం జవాబిస్తుందా? 2005లో సేలం న్యాయవాదుల సంఘం కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్వయంగా ప్రస్తావించింది. చాలా సందర్భాలలో జవాబే రాదని, వచ్చినా అది డొంకతిరుగుడుగా ఉంటుందని చెప్పి, నోటీసులకు జవాబిచ్చే బాధ్యతను ఒక అధికారికి అప్పగించమని ప్రభుత్వాలను ఆదేశించింది. కనుక జవాబు రాలేదని నిరాశ పడవద్దు. మౌనం కూడా మన ఫైలులో ఒక సాక్ష్యమే.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. నోటీసు ఫలానా రోజులోగా ఇవ్వాలని సెక్షన్ 80 ఎక్కడా చెప్పదు. ఆ లెక్కన ఆలస్యపు నోటీసు అన్న మాటే ఉండరాదు. కాని దావాకు గడువు ఉంది. అది 1963 నాటి కాలపరిమితి చట్టంలో ఉంది. ఆ గడువు లోపల నోటీసు ఇస్తే, సెక్షన్ 15 రెండవ ఉపసెక్షన్ కింద నోటీసు కాలమైన రెండు నెలలను లెక్క నుండి తీసివేస్తారు. గడువు ముగిసిన తరువాత ఇచ్చిన నోటీసు చచ్చిన గడువుకు ప్రాణం పోయదు.

ఆ గడువులు ఎంత చిన్నవో వినండి. ఏదైనా చట్టం కింద చేశామని అధికారులు చెప్పుకునే పని వల్ల నష్టం కలిగితే, పరిహారపు దావాకు గడువు ఒక్క సంవత్సరం. ఇది ఆర్టికల్ 72. అన్యాయంగా నిర్బంధించినందుకు పరిహారం కోరాలంటే నిర్బంధం ముగిసిన నాటి నుండి ఒక్క సంవత్సరం. ఇది ఆర్టికల్ 73. దురుద్దేశంతో కేసు పెట్టి వేధించినందుకు కోరాలంటే నిర్దోషిగా విడుదలైన నాటి నుండి, లేదా ఆ కేసు మరే విధంగానైనా ముగిసిన నాటి నుండి ఒక్క సంవత్సరం. ఇది ఆర్టికల్ 74. అదే ప్రభుత్వం మనపై దావా వేయాలంటే దానికి 30 సంవత్సరాలు. ఇది ఆర్టికల్ 112. పౌరునికి ఏడాది, ప్రభుత్వానికి ముప్పై ఏళ్లు. ఈ తేడాను ప్రశ్నించవలసిందే. కాని మారే వరకు దానిని తెలుసుకుని నడుచుకోవలసిందే.

ఇక్కడ ఒక పొరపాటు మనవాళ్లలో తరచుగా కనిపిస్తుంది. సెక్షన్ 5 కింద జాప్యాన్ని మన్నించమని కోర్టును వేడుకోవచ్చునని విని, దావా ఆలస్యమైనా పరవాలేదనుకుంటారు. సెక్షన్ 5 అప్పీళ్లకు, కొన్ని రకాల దరఖాస్తులకు మాత్రమే వర్తిస్తుంది. దావాకు వర్తించదు. ప్రతివాది అభ్యంతరం చెప్పకపోయినా సరే, గడువు దాటిన దావాను కోర్టు తనంతట తానే కొట్టివేయాలని సెక్షన్ 3 చెబుతోంది. అర్జీ వెంట అర్జీ పెడుతూ పోతే గడువు పొడిగిపోదని కూడా సుప్రీంకోర్టు అనేకమార్లు స్పష్టం చేసింది. ఆ సోదరి సంచిలోని పదకొండు రసీదులు ఆమె భర్త శ్రమకు సాక్ష్యాలే గాని గడువును ఆపిన ఆనకట్టలు కావు.

మరి దావాలో ఏ దారీ లేదా? కొన్ని ఉన్నాయి. బాధితుడు మైనరైతే సెక్షన్ 6, సెక్షన్ 8 కలిసి అతనికి 18 ఏళ్లు నిండిన తరువాత కూడా అవకాశమిస్తాయి. ఆ అదనపు అవకాశం ఎంత పొడవైనా మూడేళ్లకు మించదు. సద్భావంతో, శ్రద్ధతో తప్పు కోర్టులో పోరాడిన కాలాన్ని సెక్షన్ 14 మినహాయిస్తుంది. అధికారులు మోసంతో కాగితాలు దాచి ఉంటే, ఆ మోసం బయటపడిన నాటి నుండి సెక్షన్ 17 కింద లెక్క మొదలవుతుంది. అయితే జైలులో ఉన్నంత మాత్రాన ఇతర దావాల గడువు ఆగదని గుర్తుంచుకోండి. అటువంటి మినహాయింపు చట్టంలో లేదు.

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక కేసు ఈ విషయాన్ని చక్కగా తెలియజేస్తుంది. 1977 మే నెలలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైలుపై రాత్రివేళ బాంబులతో దాడి జరిగింది. జైలులో ఉన్న చల్లా చిన్నపరెడ్డి మరణించారు. ఆయన కుమారుడు గాయపడ్డాడు. ప్రాణభయం ఉందని ముందే మొరపెట్టుకున్నా తగిన కాపలా పెట్టలేదని కుటుంబం ప్రభుత్వంపై దావా వేసింది. ఆర్టికల్ 72 ప్రకారం ఏడాది దాటిందంటూ కింది కోర్టు దావాను కొట్టివేసింది. హైకోర్టు అందుకు ఒప్పుకోలేదు. పోలీసుల నిర్లక్ష్యాన్ని చట్టం కింద చేసిన పనిగా లెక్కించడానికి వీల్లేదని, దీనికి మూడేళ్ల గడువున్న ఆర్టికల్ 113 వర్తిస్తుందని చెప్పి 1,44,000 రూపాయల పరిహారం ఇప్పించింది. 2000లో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఖైదీ ప్రాణానికి కూడా రాజ్యాంగ రక్షణ ఉందని, రాజ్యాధికారం పేరు చెప్పి ప్రభుత్వం తప్పించుకోజాలదని స్పష్టం చేసింది.

ఈ తీర్పు నుండి రెండు పాఠాలు నేర్వాలి. మొదటిది, గడువు దాటిందన్న మాట విన్న వెంటనే ఫైలు మూయవద్దు. ఏ ఆర్టికల్ వర్తిస్తుందో తెలిసిన న్యాయవాదితో చూపించుకోవాలి. రెండవది, ఆ కుటుంబానికి తుది మాట దక్కడానికి 23 ఏళ్లు పట్టింది. కనుక మనం అన్ని గడువులలో చిన్నదానినే మనసులో పెట్టుకుని పరుగెత్తాలి.

ఇప్పుడు జాప్యాన్ని మన్నించే అధికారం నిజంగా ఉన్న చోట్లను చూద్దాం. భూసేకరణ అవార్డు చాలలేదనుకుంటే 2013 చట్టం సెక్షన్ 64 కింద కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి. అవార్డు సమయంలో హాజరై ఉంటే ఆరు వారాల్లో పెట్టాలి. లేకుంటే కలెక్టరు నోటీసు అందిన నాటి నుండి ఆరు వారాలు, అవార్డు తేదీ నుండి ఆరు నెలలు, ఈ రెంటిలో ఏది ముందైతే అది గడువు. తగిన కారణం చూపితే మరొక ఏడాది లోపల దానిని స్వీకరించే అధికారం కలెక్టరుకు ఉంది. రైలు ప్రమాదంలో ఆప్తులను కోల్పోయినవారు ఏడాదిలోగా రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. తగిన కారణం చూపితే ఆ తరువాత కూడా స్వీకరిస్తారు. మానవ హక్కుల సంఘం సంగతి వేరు. ఘటన జరిగి ఏడాది దాటితే జాతీయ, రాష్ట్ర సంఘాలు విచారణ జరపరాదని దాని చట్టమే చెబుతోంది.

కోర్టులో నడుస్తున్న కేసుల విషయంలో మన ఇళ్లకు ప్రత్యేకంగా సంబంధించిన ఒక లెక్క ఉంది. వాది మరణిస్తే అతని వారసులు 90 రోజుల్లో తమను కేసులో చేర్చమని కోర్టును కోరాలి. లేకుంటే కేసు రద్దవుతుంది. ఆ రద్దును తొలగించమని కోరడానికి మరొక 60 రోజులుంటాయి. ఆ తరువాత సెక్షన్ 5 కింద మన్నింపు కోరాలి. భర్త మరణించిన స్త్రీకి ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. అంటే ఇద్దత్ పూర్తి కాకముందే 90 రోజులు దాటిపోతాయి. దుఃఖంలో ఉన్న ఇంట్లో కోర్టు మాట ఎత్తడం మర్యాద కాదని పెద్దలు ఊరుకుంటారు. ఆ మర్యాద ఆ ఇంటి హక్కును తినేస్తుంది. వకాల్తాపై సంతకం ఇంటి వద్దనే తీసుకోవచ్చు. సోదరి బయటికి రానవసరం లేదు. జనాజా ముగిసిన వారంలోనే న్యాయవాదికి కబురు అందించడం ఆమె అన్నదమ్ముల బాధ్యత, మసీదు కమిటీ బాధ్యత.

ఇక తగిన కారణం అంటే ఏమిటి? దీనిపై అందరూ చెప్పుకునే తీర్పు 1987 నాటి అనంత్‌నాగ్ భూసేకరణ కలెక్టరు, మస్మత్ కతీజీ కేసు. అందులో ఆలస్యం చేసినది పౌరురాలు కాదు, ప్రభుత్వం. పెంచిన పరిహారంపై అప్పీలును నాలుగు రోజులు ఆలస్యంగా వేసింది. హైకోర్టు తోసిపుచ్చితే సుప్రీంకోర్టు మన్నించింది. సాంకేతిక కారణం కంటే న్యాయం ముఖ్యమని, ప్రతి రోజు ఆలస్యానికి లెక్క చెప్పాలన్న నియమాన్ని మూర్ఖంగా పట్టుకుంటే ప్రతి గంటకు, ప్రతి క్షణానికి కూడా లెక్క అడగవలసి వస్తుందని వ్యాఖ్యానించింది. ఆ ఉదారత ప్రభుత్వానికి దక్కింది. అదే ఉదారత మనకూ దక్కాలని కోరడానికి ఆ తీర్పే మనకు ఆధారం, ఎందుకంటే ప్రభుత్వమైనా పౌరుడైనా వాదిగా సమానులేనని కూడా అది చెప్పింది.

1998లో ఎన్. బాలకృష్ణన్ కేసులో ఆలస్యం 883 రోజులు. ఆలస్యం ఎంత పొడవన్నది ముఖ్యం కాదు, వివరణ నమ్మదగినదా కాదా అన్నదే ముఖ్యమని సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయస్థానాలు ఆ తరువాత ప్రభుత్వ శాఖల పట్ల కఠినమయ్యాయి. 2012లో తపాలా శాఖ 427 రోజులు ఆలస్యంగా వచ్చి, ఫైలు బల్ల నుండి బల్లకు తిరిగిందని చెప్పుకుంటే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మన్నింపు మినహాయింపే గాని ప్రభుత్వ శాఖలు ముందుగానే లెక్కలో వేసుకునే సౌకర్యం కాదని హెచ్చరించింది. 2020లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం 663 రోజులు ఆలస్యంగా వస్తే 25,000 రూపాయల ఖర్చులు విధించి పంపింది. ప్రభుత్వం మనపై ఆలస్యంగా అప్పీలుకు వచ్చినప్పుడు ఈ తీర్పులను మన న్యాయవాదులు ముందుంచాలి. మన తరఫున ఎదురు అఫిడవిట్ వేయకుండా ఊరుకుంటే ప్రభుత్వపు జాప్యం సులువుగా మన్నింపు పొందుతుంది.

కఠినత్వం పౌరులకు కూడా వర్తిస్తుందని మరువరాదు. తెలుగుగంగ ప్రాజెక్టు కోసం సేకరించిన భూమికి సంబంధించి పాతపాటి సుబ్బారెడ్డి వారసులు 5,659 రోజులు, అంటే పదిహేనేళ్లకు పైగా ఆలస్యంగా అప్పీలు చేశారు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వారి వినతిని తిరస్కరించింది. తోటివారికి పరిహారం దక్కిందన్న మాట జాప్యానికి కారణం కాజాలదని చెప్పింది. సానుభూతి వేరు, తగిన కారణం వేరు అన్నది ఇందులోని పాఠం.

కనుక మన ఇళ్లలో ఆలస్యానికి నిజంగా ఉండే కారణాలను కోర్టు నమ్మే రూపంలో ఎలా చెప్పాలో నేర్చుకోవాలి. భయం ఒక కారణం. పోలీసులు ఇంటి చుట్టూ తిరుగుతున్నప్పుడు నోటీసు ఇచ్చే ధైర్యం ఎవరికుంటుంది? కాని భయపడ్డామని ఏడాది తరువాత చెబితే చాలదు. ఆనాడే పై అధికారికి పంపిన ఒక ఫిర్యాదు, ఒక టెలిగ్రాం వంటి ఈమెయిల్, స్టేషనుకు ఎన్నిసార్లు పిలిచారో రాసుకున్న తేదీలు కావాలి. జబ్బు ఒక కారణం. అందుకు ఆసుపత్రి చీటీలు కావాలి. ఇంటి యజమాని గల్ఫ్‌లో ఉండడం ఒక కారణం. అందుకు పాస్‌పోర్టులోని ముద్రలు కావాలి. నోటీసు తెలుగులోనో ఆంగ్లంలోనో వచ్చింది, ఇంట్లో ఉర్దూ తప్ప చదవలేరు. ఇది నిజమైన ఇబ్బందే. అయినా ఆ కాగితాన్ని ఎప్పుడు, ఎవరి చేత చదివించుకున్నారో తేదీతో సహా చెప్పగలగాలి. తెలియదు, చదువు లేదు, పేదవాళ్లం అన్న మూడు మాటలు ఒంటరిగా నిలబడవు. వాటి వెనుక కాగితం ఉండాలి.

నమాజుకు వేళ ఉంది. వేళ తప్పినవారికి ఖజా ఉంది. అయితే ఖజా ఉంది కదా అని వేళను ఎవరూ విడిచిపెట్టరు. జాప్యపు మన్నింపును కూడా ఆ దృష్టితోనే చూడాలి.

వక్ఫ్ విషయంలో ఇది మరింత తీవ్రమైన ప్రశ్న. 1995 చట్టం సెక్షన్ 89 ప్రకారం వక్ఫ్ బోర్డుపై దావాకు కూడా రెండు నెలల నోటీసు కావాలి. ముతవల్లీలతో, బోర్డుతో వివాదం ఉన్న జమాఅతులు ఇది మరువరాదు. అంతకన్నా పెద్ద మార్పు సెక్షన్ 107లో వచ్చింది. వక్ఫ్ స్థిరాస్తిని తిరిగి స్వాధీనం చేసుకునే దావాకు కాలపరిమితి చట్టం వర్తించదని 1995 చట్టం చెప్పేది. యాభై ఏళ్ల కిందటి ఆక్రమణపై కూడా నేడు దావా వేయగలిగేవాళ్లం. 2025 సవరణ ఆ రక్షణను తొలగించింది. ఇకపై కాలపరిమితి చట్టం వక్ఫ్ ఆస్తికి కూడా వర్తిస్తుంది. ఖబరస్తాన్ మూలన ఎవరో గోడ కడుతుంటే తరువాత చూద్దామని ఊరుకునే రోజులు పోయాయి. అదే సవరణ ప్రకారం నమోదైన వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలల్లో కేంద్ర పోర్టల్‌లో ఎక్కించాలి. తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ మరొక ఆరు నెలల వరకు పొడిగించగలదు. ఆ గడువును అందరికీ కలిపి పొడిగించమని కోరితే 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు నిరాకరించి, ఎవరికి వారు ట్రిబ్యునల్‌కు వెళ్లమంది. ఇక్కడ కూడా మళ్లీ అదే మాట, తగిన కారణం.

నోటీసు మనం ఇవ్వవలసినదే కాదు, మనకు రావలసినది కూడా. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతలపై ఇచ్చిన తీర్పు ప్రకారం, ముందుగా షోకాజ్ నోటీసు ఇచ్చి కనీసం 15 రోజులు, లేదా స్థానిక చట్టం అంతకన్నా ఎక్కువ చెబితే ఆ కాలం ఆగకుండా కట్టడాన్ని కూల్చరాదు. పాత తేదీ వేసి నోటీసు సృష్టించారన్న ఆరోపణలకు తావు లేకుండా, ఆ సమాచారాన్ని వెంటనే కలెక్టరు కార్యాలయానికి ఈమెయిల్‌లో పంపి, అందినట్టు జవాబు తీసుకోవాలని ఆదేశించింది. రోడ్డు, కాలిబాట, రైలు మార్గం, నీటి వనరు వంటి ప్రజా స్థలాలలోని అనధికార కట్టడాలకు, కోర్టు ఆదేశించిన కూల్చివేతలకు ఈ రక్షణ వర్తించదు. గోడకు అంటించిన నోటీసును చింపివేయకండి. చేతికి వచ్చిన రోజే దాని ఫొటో తీసి, తేదీ రాసి దాచండి.

చివరి తలుపు రాజ్యాంగంలోని 226వ అధికరణం. హైకోర్టులో రిట్ వేయడానికి సెక్షన్ 80 నోటీసు అవసరం లేదు. నిర్ణీత గడువు కూడా లేదు. అయితే అకారణంగా ఆలస్యం చేసినవారిని హైకోర్టు తిప్పి పంపవచ్చు. 1983లో రుదుల్ షా కేసులో, నిర్దోషిగా తేలిన తరువాత 14 ఏళ్లు జైలులోనే మగ్గిన మనిషికి సుప్రీంకోర్టు రిట్‌లోనే పరిహారం ఇప్పించింది. 2020 జనవరిలో వచ్చిన విద్యాదేవి తీర్పు మన వంటివారికి మరింత దగ్గరిది. హిమాచల్ ప్రదేశ్‌లో చదువు రాని ఆ వితంతువు భూమిని 1967-68లో సేకరణ జరపకుండానే రోడ్డు కోసం తీసుకున్నారు. ఆమె 2010లో హైకోర్టుకు వెళ్లారు. ప్రభుత్వం ఆలస్యమైందని వాదించింది. చట్టం లేకుండా పౌరుని ఆస్తిని లాక్కున్న ప్రభుత్వం ఆలస్యం పేరుతో తప్పించుకోజాలదని సుప్రీంకోర్టు చెప్పి పరిహారం ఇప్పించింది.

ఆ సోదరి కాగితాలు చూసిన న్యాయవాదులు ఈ తీర్పు ఆధారంగానే రిట్ తయారు చేశారు. ఏడాది గడువున్న పరిహారపు దావా చేజారిపోయింది. రాజ్యాంగంలోని 300-ఏ అధికరణం ఇచ్చే ఆస్తి హక్కు మిగిలే ఉంది. అప్పుడు ఆ పదకొండు రసీదులు మరొక విధంగా అక్కరకు వచ్చాయి. గడువును అవి ఆపలేదు. కాని ఆమె భర్త నిద్రపోలేదని, నిర్లక్ష్యం చేయలేదని చెప్పే సాక్ష్యాలుగా అఫిడవిట్ వెంట జతపడ్డాయి. కేసు ఇంకా విచారణలో ఉంది. గెలుస్తామని మేము హామీ ఇవ్వలేము. తలుపు మాత్రం మూతపడలేదు.

పెద్దలారా, మీలో ప్రతి మసీదు కమిటీకి, ప్రతి యువజన బృందానికి మా విన్నపాలు కొన్ని ఉన్నాయి. మొహల్లాలో కూల్చివేత, నిర్బంధం, భూసేకరణ, ప్రమాదం ఏది జరిగినా ఆ తేదీని ఒక పుస్తకంలో రాయండి. అప్పు తీసుకుంటే గడువుతో సహా రాసుకొమ్మని అల్ బఖరా సూరాలో ఆదేశించబడిన సమాజం మనది. తేదీలు రాయడం మనకు కొత్త విద్య కాదు. రెండవది, అర్జీ ఇచ్చే మొదటి సోమవారం నాడే న్యాయవాదిని కలవండి. అర్జీ వేరు, సెక్షన్ 80 నోటీసు వేరు. నగరపాలక సంస్థలకు వాటి చట్టాల్లోనే వేరే నోటీసు నిబంధనలు ఉండవచ్చు గనుక అది కూడా అడగండి. మూడవది, నోటీసును అందినట్టు రసీదు వచ్చే విధంగా పంపండి. ప్రతిని, రసీదును కలిపి భద్రపరచండి. నాల్గవది, ఫీజు భయంతో ఆగకండి. 1987 న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది.

ఆలస్యం జరిగిపోయి ఉంటే సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి. జరిగిన ప్రతి నెలకూ కారణం రాసుకుని, ఆ కారణానికి కాగితం జతచేసుకుని రండి. పదహారు నెలలు దాటి వచ్చిన సోదరిని మేము తిప్పి పంపలేదు. అయితే ఆమె భర్త మొదటి సోమవారమే వచ్చి ఉంటే, నేడు ఆమె కోర్టు వరండాలో ఇన్నాళ్లు నిలబడవలసి వచ్చేది కాదు. ఆ మాట ఆమెతో మేము అనలేదు. మీతో అంటున్నాము.

హక్కును సకాలంలో అడిగే తెలివిని, ఆలస్యమైనా నిజంతో నిలబడే ధైర్యాన్ని అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.